20 టన్నుల సామాను, 26 ఒంటెలు: బర్క్, విల్స్ యాత్ర అసలెక్కడ చెడింది?

ఈ మధ్య లడఖ్ వెళ్లొచ్చిన కుర్రాళ్ల వీడియోలు వరసపెట్టి చూశాను. దారి గురించి పది నిమిషాలు చెప్తే సామాను గురించి అరగంట చెప్తున్నారు. ఏ బండి, ఏ టైరు, ఏ జాకెట్, ఎన్ని పవర్ బ్యాంకులు. తప్పేం లేదు, నాకూ అవి సరదాగానే ఉంటాయి. అయితే బండీ సామానూ ఎంచుకోవడం గురించి చరిత్రలో నాకు బాగా నచ్చిన కథ ఒకటుంది. ఆస్ట్రేలియాలో జరిగింది గానీ, అందులో మనవాళ్లూ ఉన్నారు. ఈరోజు అదే మాట్లాడుకుందాం.

1860. మెల్‌బోర్న్ బంగారు గనుల డబ్బుతో పొంగిపోతున్న ఊరు. అప్పటికి ఆస్ట్రేలియా మధ్యలో ఏముందో తెల్లవాళ్లకి తెలియదు. దక్షిణం నుంచి ఉత్తరానికి, అంటే మెల్‌బోర్న్ నుంచి కార్పెంటేరియా సింధుశాఖ దాకా, 3,000 కిలోమీటర్లకు పైగా నేలమీద దాటాలి. విక్టోరియా రాయల్ సొసైటీ ఒక కమిటీ వేసింది. నాయకుడిగా రాబర్ట్ ఓహారా బర్క్ అనే పోలీసు అధికారిని ఎంచుకుంది. ధైర్యస్థుడే. కాకపోతే ఆ ఎడారుల్లో తిరిగిన అనుభవం ఏమాత్రం లేదు.

ఇక వాహనం సంగతి. ఎడారికి గుర్రం పనికిరాదు, ఒంటె కావాలి అన్నారు. ఆలోచన మంచిదే. జార్జ్ లాండెల్స్ అనే ఆయన్ని ఇండియా పంపారు. ఆయన ఇక్కడ ఒంటెల్ని కొని, వాటిని చూసుకునే మనుషుల్ని కూడా వెంటబెట్టుకుని, కరాచీ నుంచి ఓడలో 1860 జూన్‌లో మెల్‌బోర్న్‌లో దిగాడు. ఆ మనుషుల్ని అక్కడ సిపాయిలు అనేవారు. ఇండియాలో బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన జాన్ కింగ్ అనే ఐర్లండ్ కుర్రాడు కూడా లాండెల్స్‌తోనే వచ్చాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

1860 ఆగస్టు 20. రాయల్ పార్క్‌లో దాదాపు 15,000 మంది చూస్తుండగా యాత్ర బయల్దేరింది. 19 మంది మనుషులు, 23 గుర్రాలు, 26 ఒంటెలు, 6 బండ్లు, 20 టన్నుల సామాను. ఆ సామానులో ఏముందో చూడండి. రెండేళ్లకు సరిపడా తిండి. ఓకు చెక్కతో చేసిన బల్ల, దానికి రెండు కుర్చీలు. ఆకాశంలోకి వదిలే రాకెట్లు, జెండాలు, ఒక చైనా జేగంట. ఒక బండినైతే అవసరమైతే పడవలా వాడుకునేట్టు చేయించారు! వీటన్నిటితో పాటు ఒంటెల కోసం సుమారు 270 లీటర్ల రమ్ము. రమ్ము పోస్తే ఒంటెలు ఆరోగ్యంగా ఉంటాయని లాండెల్స్ నమ్మకం.

ఒక బండి పార్కు దాటకముందే విరిగింది. అర్ధరాత్రికి వాళ్లు చేరింది ఎసెన్డన్, ఊరి చివర. అక్కడ ఇంకో రెండు బండ్లు చెడిపోయాయి.

అంత బరువు మోయించాల్సిన అవసరమే లేదు, తెలుసా? కమిటీలో ఉన్న కెప్టెన్ కాడెల్ అనే ఆయన, సామానంతా ఓడలో అడిలైడ్‌కి పంపి, అక్కణ్ణుంచి నదుల్లో తన స్టీమర్ల మీద డార్లింగ్ నది దాకా చేరుస్తానన్నాడు. బర్క్ ఒప్పుకోలేదు. ఎందుకంటే, తనని నాయకుడిగా ఎన్నుకోవడాన్ని కాడెల్ వ్యతిరేకించాడు. అంతే! మనుషుల మధ్య పంతం 20 టన్నులై గుర్రాల మీద పడింది.

బరువు ఎక్కువైందని దారిలో తగ్గించడం మొదలుపెట్టారు. నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే. ఎక్కువ సామాను తీసుకెళ్లి చచ్చిపోయారని సాధారణంగా చెప్తుంటారు. నేనైతే అలా అనను. అసలు దెబ్బ వదిలేయడంలో తగిలింది. బాల్రానాల్డ్ అనే ఊళ్లో వదిలేసిన వాటిలో నిమ్మరసం ఉంది. తాజా కూరలు, పళ్లు లేకపోతే వచ్చే స్కర్వీ జబ్బుకి అప్పటికి తెలిసిన మందు అదే. ఆ తర్వాత రమ్ము గొడవ. గొర్రెల బొచ్చు కత్తిరించే పనివాళ్లు ఒంటెల రమ్ము దొంగతనంగా తాగేశారు. బర్క్ రమ్మంతా వదిలేయమన్నాడు. లాండెల్స్ అలిగి రాజీనామా చేసి వెళ్లిపోయాడు. అతని స్థానంలో 26 ఏళ్ల విలియం విల్స్ ఉపనాయకుడయ్యాడు.

మెనిండీ చేరేసరికి అక్టోబరు మధ్య అయ్యింది. 750 కిలోమీటర్లకు రెండు నెలలు. మామూలు టపా బండి ఆ దూరాన్ని వారం పైచిలుకు రోజుల్లో వెళ్తుంది.

అక్కణ్ణుంచి బర్క్‌కి తొందర పట్టుకుంది. అటు అడిలైడ్ వైపు నుంచి జాన్ మెక్‌డువాల్ స్టూవర్ట్ అనే మనిషి ఇదే పని మీద ఉన్నాడు. 1860 మార్చిలో కేవలం ఇద్దరు తోడు, 13 గుర్రాలతో బయల్దేరి ఏప్రిల్‌కే ఖండం నడిబొడ్డు చేరుకున్నాడు. అందుకని బర్క్ సామానులో ఎక్కువ భాగం మెనిండీలోనే వదిలి ముందుకు ఉరికాడు. కూపర్ క్రీక్ దగ్గర మళ్లీ విడిపోయారు. విలియం బ్రాహే, ఇంకో ముగ్గురు అక్కడే మకాంలో ఉన్నారు. వాళ్లలో దోస్త్ మహమ్మద్ అనే సిపాయి ఒకడు. డిసెంబరు 16న బర్క్, విల్స్, కింగ్, గ్రే, ఈ నలుగురూ 6 ఒంటెలు, ఒక గుర్రం, 12 వారాల తిండితో ఉత్తరానికి కదిలారు. డేరా కూడా లేదు. రెండు కుర్చీల నుంచి డేరా లేకపోవడం దాకా, నాలుగు నెలల్లో.

1861 ఫిబ్రవరిలో సముద్రం దగ్గరికైతే చేరారు గానీ మడ అడవుల బురద అడ్డం వచ్చింది. సముద్రాన్ని కళ్లతో చూడకుండానే వెనక్కి తిరిగారు. అప్పటికే తిండిలో మూడొంతుల్లో రెండొంతుల పైన అయిపోయింది. పైగా వానలు. ఒంటెలు కాళ్లు జారే బురదలో నడవలేవు, ఎండుగడ్డ మీదే వాటి గొప్పదనం. తోవలో ఒంటెల్ని, ఉన్న ఒక్క గుర్రాన్ని కోసుకు తిన్నారు. ఏప్రిల్ 17న గ్రే చనిపోయాడు. నీరసంతో గొయ్యి తవ్వి పూడ్చడానికి ఒక రోజు పట్టింది.

ఆ ఒక్క రోజు. ఏప్రిల్ 21 సాయంత్రం మకాం చేరేసరికి ఎవరూ లేరు. 18 వారాలు ఎదురుచూసిన బ్రాహే అదే రోజు పొద్దున్నే వెళ్లిపోయాడు. తొమ్మిది గంటల తేడా! చెట్టు మీద తవ్వమని చెక్కి ఉంది. తవ్వితే కొంత తిండి, ఒక ఉత్తరం దొరికాయి.

ఇక్కడ ఇంకో చిన్న పొరపాటు. వీళ్లు తమ ఉత్తరం గోతిలో పెట్టి, జంతువులు తవ్వకుండా ఎప్పటిలాగే పూడ్చి, వేరే దారిన వెళ్లారు. చెట్టు మీద కొత్త గుర్తేమీ చెక్కలేదు. మే నెలలో బ్రాహే మనసాగక మళ్లీ వచ్చి చూశాడు. ఏమీ మారినట్టు కనిపించలేదు. తవ్వకుండా వెళ్లిపోయాడు. ఒక చాకు, రెండు నిమిషాల పని.

మిగిలిన రెండు ఒంటెల్లో ఒకటి ఊబిలో కూరుకుపోయింది, ఇంకోటి నీరసించింది. నీళ్లు మోసే జంతువు లేకపోతే ఆ క్రీక్ వదిలి కదల్లేరు. అక్కడి యాండ్రువాండా ప్రజలు వీళ్లకి చేపలు, నార్డూ అనే మొక్క గింజలతో చేసిన రొట్టెలు పెట్టారు. బర్క్ ఒకసారి వాళ్ల మీద తుపాకీ పేల్చడంతో దూరం జరిగారు. వీళ్లే నార్డూ దంచుకు తిన్నారు. కడుపు నిండేది, ఒంట్లో శక్తి మాత్రం పోయేది. ఆ గింజల్లో బి1 విటమిన్‌ని నాశనం చేసే పదార్థం ఉంది. యాండ్రువాండా వాళ్లు వేయించి, నీళ్లు బాగా కలిపి నూరే పద్ధతి వేరు. ఆ పద్ధతి నేర్చుకోకపోవడమే ప్రాణం తీసిందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. జూన్ చివర్లో విల్స్, బర్క్ ఇద్దరూ పోయారు.

జాన్ కింగ్ మాత్రం యాండ్రువాండా వాళ్ల దగ్గరికి వెళ్లి వాళ్లలో ఉండిపోయాడు. సెప్టెంబరు 15న వెతకడానికి వచ్చిన బృందానికి ప్రాణాలతో దొరికాడు. మొత్తం యాత్రలో ఏడుగురు చనిపోయారు. వాళ్లలో కొందరు వెనక సామానుతో వస్తూ స్కర్వీతో పోయినవాళ్లు. నిమ్మరసం గుర్తొచ్చిందా?

స్టూవర్ట్ సంగతేంటంటారా? 1862 జులై 24న ఉత్తర సముద్రం చేరాడు. ఒక్క మనిషినీ పోగొట్టుకోలేదు. అలాగని తేలిగ్గా వెళ్తే చాలు అనుకోకండి, ఆయన కూడా స్కర్వీతో కళ్లు సరిగ్గా కనపడక, రెండు గుర్రాల మధ్య కట్టిన డోలీలో తిరిగొచ్చాడు. ఆయన వేసిన దారిలోనే 1872లో టెలిగ్రాఫ్ తీగ వచ్చింది.

మరి మన సిపాయిలు? సామ్లా అనే హిందువు, యాత్రలో పెట్టే మాంసం తినలేక, కొద్ది రోజుల్లోనే సెలవు పుచ్చుకుని వెళ్లిపోయాడు. రెండేళ్ల తిండి కట్టిన కమిటీకి అతను తినగలిగేది కట్టాలని తట్టలేదు. దోస్త్ మహమ్మద్ చివరి వరకూ ఉన్నాడు. తర్వాత ఒక ఒంటె దాడిలో కుడి చెయ్యి పనికిరాకుండా పోయింది. ఇంటికి తిరిగి రాలేదు. మెనిండీలోనే బతికి, అక్కడే పోయాడు. సమాధి ఇప్పటికీ ఉంది. ఆ దారి పట్టుకుని తర్వాత వేల ఒంటెలు, వాటితో బలూచిస్తాన్, పంజాబ్, అఫ్గాన్ వైపు మనుషులు ఆస్ట్రేలియా వెళ్లారు. వాళ్లందరినీ అక్కడ అఫ్గాన్లు అనేశారు. ఇవాళ అడిలైడ్ నుంచి డార్విన్ వెళ్లే రైలు పేరు ‘ఘాన్’, ఆ మాట నుంచి వచ్చిందే. ఆ ఒంటెలవాళ్ల కథ ఇంకో ఎపిసోడ్‌లో చెప్పుకుందాం.