క్లోరిను విషము – కటకపు పరిశోధన

మహానది, కాఠజోడి నదుల నడుమ నెలకొన్న కటకము గజపతుల నాటినుండియు తెలుగువారికి పరిచితమైన నగరము. కొండవీడు, రాజమహేంద్రవరములు ఒకప్పుడు ఆ ప్రభువుల ఏలుబడిలో నుండెను. గంజాము జిల్లా 1936 వరకు చెన్నరాజధానిలో చేరియుండెను. నేటికిని బరంపురము, పర్లాకిమిడి ప్రాంతములలో తెలుగు కుటుంబములు ఒడియావారితో కలసిమెలసి నివసించుచున్నవి. ఈ రాజకీయ చరిత్రము పలువు రెరిగినదే. కాని అదే నగరమున పొలముల మట్టిని గూర్చి సాగిన యొక పరిశోధన అంతగా ప్రచారమునకు రాలేదు. ఆంధ్రదేశపు మాగాణి రైతునకును సంబంధించిన విషయ మగుటచే అది విచారింపదగియున్నది.

ఇంగ్లండు శాస్త్రవేత్త మైకేలు ఫారడే 1825లో బెంజీనును క్లోరినుతో సూర్యకాంతియందు కలిపి యొక క్రొత్త పదార్థమును సాధించెను. దాని అణువు ఆరు కర్బన పరమాణువుల వలయము. ఒక్కొక్క కర్బనమునకు ఒక ఉదజని, ఒక క్లోరిను అంటియుండును. నూరేండ్లకు పైగా అది ప్రయోగశాలలకే పరిమితమై యుండెను. 1940 తరువాత దాని కీటకనాశన శక్తి బయల్పడగా, బి.హెచ్.సి. అను పేర పొలములకు చేరెను. భారతదేశమున దానిని పైరులపై పొడిగా చల్లిరి; మలేరియా దోమలపైనను ప్రయోగించిరి. ఆ పొడిలో పురుగులను చంపు గామా రూపము నూటికి 10 మొదలు 15 పాళ్ళు మాత్రమే. ఆల్ఫా రూపము 60 మొదలు 70 పాళ్ళు. బీటా రూపము 5 మొదలు 12 పాళ్ళు. అనగా రైతు వెల యిచ్చి కొన్న పొడిలో అధికభాగము అతని పనికి రానిది. అయినను నేలను చేరినది.

నేలను చేరిన యీ విషము ఏమగును? ఈ ప్రశ్నకు తొలి సమాధానములలో నొకటి ఫిలిప్పీన్సు దేశమందలి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థనుండి వచ్చెను. అచట రఘు, మక్రే అను శాస్త్రజ్ఞులు నీట మునిగిన వరిమట్టిలో గామా రూపమును కలిపి పరిశీలించి, 1966లో ఫలితములను ప్రకటించిరి. సూక్ష్మజీవులను చంపి శుద్ధిచేసిన మట్టిలో విషము చాలవరకు నిలిచియుండగా, మామూలు మట్టిలో త్వరగా నశించెను. రెండవమారు వేసినపుడు మరింత త్వరగా నశించెను. దీనినిబట్టి విషమును హరించునది నీరు గాని ఎండ గాని కాదనియు, మట్టియందలి ప్రాణులే యనియు తేలెను. 1969లో క్లాస్ట్రీడియము జాతి బాక్టీరియా ఒకటి ఈ పని చేయుచున్నట్లు వెల్లడి యయ్యెను.

ఇందలి కారణము సులభగ్రాహ్యమే. నీరు నిలిచిన మడిలో ప్రాణవాయువు శీఘ్రముగా తరిగిపోవును. అట్టి చోట బ్రదుకు బాక్టీరియాల జీవక్రియలో వెలువడు ఎలక్ట్రానులు క్లోరినుగల అణువును చేరగా, క్లోరిను క్లోరైడుగా విడివడును. అయితే ఈ మార్గము సంపూర్ణము కాదు. చివర క్లోరోబెంజీను, బెంజీను మిగులును. అవియు నిరపాయములు కావు.

1943 నాటి వంగదేశపు కరవు పిమ్మట, 1946లో కటకమున కేంద్ర వరి పరిశోధన సంస్థ వెలసెను. ఫిలిప్పీన్సులో ఈ విషయమునే పరిశోధించిన సేతునాథన్ తరువాత కటకమున ఆ కృషిని కొనసాగించెను. 1975లో ఆయనయు, సిద్ధరామప్పయు నీట ముంచిన భారతీయ వరిమట్టులలో గామా, బీటా రూపముల నిలుకడను గూర్చి ప్రకటించిరి. 1990లో ఆయనయు సహచరులును బి.హెచ్.సి. సోకిన చెరకు వేళ్ళనంటిన మట్టినుండి యొక బాక్టీరియాను వేరుచేసిరి. ఇది ప్రాణవాయువు గలచోటనే ఆల్ఫా, బీటా, గామా రూపములు మూటిపైనను పనిచేయుట విశేషము.

ఆ బాక్టీరియా సంతతికి 2005లో స్ఫింగోబియము ఇండికము అను పేరు కలిగెను. ఢిల్లీ విశ్వవిద్యాలయమున రూప్‌లాల్ బృందము దాని జన్యువులను శోధించెను. లిన్ అను పేరుగల ఆ జన్యువులలో మొదటిదాని ఎంజైము అణువునుండి ఉదజనిని, క్లోరినును జంటగా తొలగించును. రెండవదాని ఎంజైము క్లోరిను స్థానమున నీటినుండి గ్రహించిన భాగమును నిలుపును. పిదప వలయము తెగి, కర్బనము బాక్టీరియాకు ఆహారమగును. జపాను, ఫ్రాన్సు దేశముల మట్టిలో దొరికిన బాక్టీరియాలయందును దాదాపు ఇవే జన్యువులు కలవు. వాటి ప్రక్కనే స్థానము మార్చుకొనగల యొక డి.ఎన్.ఎ. తునక కానవచ్చెను. కావున ఈ విద్య ఒక బాక్టీరియానుండి మరియొకదానికి సంక్రమించినదని పరిశోధకులు నిర్ణయించిరి. మానవుడు చల్లిన విషమునకు బాక్టీరియాలలో విరుగుడు వ్యాపించిన తీరు ఇట్టిది.

అయినను బీటా రూపము నేటికిని చిక్కే. దానియందు ఆరు క్లోరినులును వలయపు అంచువెంబడి చాచుకొనియుండుటచే మొదటి ఎంజైమునకు పట్టు దొరకదు. రెండవ ఎంజైము ఒకటి రెండు క్లోరినులను మార్చి అంతటితో ఆగును. మానవుల క్రొవ్వులోను, తల్లిపాలలోను దీర్ఘకాలము నిలుచునది ఈ రూపమే.

భారతదేశమున బి.హెచ్.సి. పొడి 1997లో నిషేధింపబడెను. గామా రూపమగు లిండేను తయారీ 2011లోను, వాడుక 2013లోను నిషిద్ధములయ్యెను. ఒక టన్ను లిండేను తయారుకాగా 8 మొదలు 12 టన్నుల ఇతర రూపములు మిగులును. అట్టి కుప్పలు లక్నో సమీపమున నేలను కలుషితము చేసెను. వీటి శుద్ధికై ఈ బాక్టీరియాను చెరకు మడ్డితో పెంచి, మొక్కజొన్న బెండ్ల పొడిలో నిలువచేసి మట్టిలో కలుపు పద్ధతిని పరిశోధకులు 2008లో ప్రకటించిరి. చెరకు మట్టిలో దొరికిన ప్రాణికి చెరకు మడ్డియే మేత యయ్యెను.

నేల సమస్తమును జీర్ణించుకొనునని మనవారి నమ్మిక. కటకపు పరిశోధన ఆ నమ్మికను కొంతవరకు నిలబెట్టెను. దాని హద్దునుకూడ చూపెను. మాగాణి మట్టి గామా రూపమును కొలది మాసములలో హరింపగలదు. బీటాను తరములపాటు మోయవలసివచ్చును. చల్లుటకు ముందే ఈ భేదము నెరుగుట సేద్యగాని హక్కు. ఎరిగించుట శాస్త్రజ్ఞుని విధి.