చుక్కల చదువు అందరికీ పంచిన మార్గెరీటా హాక్

1938లో ముస్సోలినీ ప్రభుత్వం ఇటలీలో జాతి చట్టాలు తెచ్చింది. ఫ్లోరెన్స్ నగరంలో గెలీలియో పేరిట ఉన్న బడిలో సైన్సు పాఠాలు చెప్పే ఎన్రికా కలబ్రేసీని యూదురాలన్న ఒక్క కారణంతో బయటికి పంపేశారు. ఆమె జంతుశాస్త్రంలో పేరున్న పరిశోధకురాలు. 1944 జనవరిలో ఆమెను జైల్లో పెట్టారు. నాజీల శిబిరానికి తరలించేలోపే విషం మింగి ప్రాణం తీసుకున్నారు. తన టీచరమ్మ అలా బడికి దూరం కావడం చూసిన పదహారేళ్ల విద్యార్థిని మార్గెరీటా హాక్. ఫాసిజం అంటే ఏమిటో తనకు తెలిసొచ్చింది 1938లోనేనని ఆమె తర్వాత ఎన్నోసార్లు చెప్పారు. ఇటలీలో నక్షత్రాల పేరెత్తితే జనానికి మొదట గుర్తొచ్చే మనిషి ఆమె. ఆమె చదువునీ మాటనీ విడదీసి చూడలేమని నా నమ్మకం.

మార్గెరీటా 1922 జూన్ 12న ఫ్లోరెన్స్‌లో పుట్టారు. తండ్రి ప్రొటెస్టెంటు, తల్లి క్యాథలిక్కు. ఇద్దరూ తమ మతాలు వదిలి దివ్యజ్ఞాన సమాజంలో చేరారు. మన మద్రాసు అడయారు కేంద్రంగా నడిచిన ఆ సమాజం ప్రభావంతోనే ఆ ఇంట్లో మాంసం వండేవారు కాదు. మార్గెరీటా పుట్టుకతోనే శాకాహారి, చివరిదాకా అలాగే ఉన్నారు. ఎందుకు శాకాహారినో చెబుతూ ఎనభయ్యో పడి చివర్లో ఒక పుస్తకమే రాశారు. తల్లిదండ్రుల ఆధ్యాత్మిక విశ్వాసాలు మాత్రం ఆమెకు అబ్బలేదు. తాను నాస్తికురాలినని ఏ వేదికమీదైనా నిస్సంకోచంగా చెప్పేవారు.

చిన్నప్పుడు ఆమె కలలుగన్నది ఆకాశం గురించి కాదు. హైజంప్, లాంగ్‌జంప్‌లలో విశ్వవిద్యాలయాల స్థాయిలో పతకాలు గెలిచిన క్రీడాకారిణి ఆమె. మొదట సాహిత్యంలో చేరి, ఒక్క క్లాసుతోనే అది తనకు పడదని తేల్చుకుని భౌతికశాస్త్రానికి మారిపోయారు. పరిశోధన కోసం కొండమీది ఆర్చెత్రి వేధశాలకు వెళ్లారు. గెలీలియో గృహనిర్బంధంలో చివరి రోజులు గడిపింది ఆ కొండమీదే. అక్కడ ఆమె సెఫీడ్ తారల మీద పనిచేశారు. ఒక క్రమంలో వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే ఈ తారలు నక్షత్రలోకపు దూరాలు కొలిచేందుకు పనికొస్తాయి. యుద్ధం ఇంకా ముగియని 1945 జనవరిలో పట్టా వచ్చింది. అంతకు ఏడాది ముందే, చిన్ననాడు పార్కులో కలిసి ఆడుకున్న ఆల్డో డి రోసాను పెళ్లి చేసుకున్నారు. దాదాపు డెబ్బై ఏళ్లు కలిసి బతికారు, ఇంటినిండా పిల్లుల్ని పెంచుకున్నారు.

ఆమె అసలు పనితనం వర్ణపటాలు చదవడంలో ఉంది. నక్షత్రం నుంచి వచ్చే వెలుగును పట్టకం గుండా పంపితే రంగులుగా విచ్చుకుంటుంది. ఆ రంగుల మధ్య సన్నని నల్లగీతలు కనిపిస్తాయి. ఏ గీత ఎక్కడ పడింది, ఎంత ముదురుగా ఉంది అన్నదాన్నిబట్టి ఆ తార వేడి, అందులోని మూలకాలు, చుట్టూ ఉన్న వాయువుల కదలిక తెలుస్తాయి. అమెరికాలో స్థిరపడిన ప్రఖ్యాత శాస్త్రవేత్త ఆటో స్ట్రూవేతో కలిసి ఆమె ఈ విద్యమీద ఒక పెద్ద గ్రంథం తలపెట్టారు. 1963లో స్ట్రూవే చనిపోయారు. అయినా పని ఆగలేదు, రెండు సంపుటాలూ 1969, 1970లలో వచ్చాయి.

సారథి రాశిలోని ఎప్సిలాన్ అనే నక్షత్రం కథ ఇక్కడ చెప్పాలి. ఇరవై ఏడేళ్లకోసారి అది మసకబారుతుంది, ఈ గ్రహణం దాదాపు రెండేళ్లుంటుంది. దాన్ని ఏదో అడ్డుకుంటోంది, ఆ ఏదో మాత్రం కనపడదు. చల్లని మహాకాయమైన తార అయి ఉంటుందని స్ట్రూవే సహా పెద్దలు 1930లలో అన్నారు. కాదు, వేడిగా ఉండే చిన్న తార, చుట్టూ వాయువు ఆవరించి ఉంటుందని హాక్ ప్రతిపాదించారు. ఆ మాట నిజమైతే అతినీలలోహిత కాంతిలో దాని జాడ దొరకాలి. ఆ కాంతిని మన వాతావరణం అడ్డుకుంటుంది కాబట్టి ఉపగ్రహాలు వచ్చేదాకా ఆగాల్సిందే. 1978లో ఎగిరిన అతినీలలోహిత పరిశీలన ఉపగ్రహం ఆ జాడ పట్టుకుంది. 2009లో మరో గ్రహణం మొదలైనప్పుడు కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ నుంచి తీసిన చిత్రాల్లో, తార ముందునుంచి నల్లటి ధూళి పళ్లెం దాటిపోవడం స్పష్టంగా కనిపించింది. వేడి తార ఆ పళ్లెం నడుమన దాగి ఉంది. తన అంచనాలో ముఖ్యభాగం నిజమని తేలడం చూసే భాగ్యం ఆమెకు దక్కింది.

1964లో ఆమె త్రియెస్తె వేధశాలకు డైరెక్టరయ్యారు. ఇటలీలో ఒక వేధశాలకు మహిళ అధిపతి కావడం అదే మొదలు. హాక్ చేతికొచ్చేటప్పటికి వేధశాల దేశంలో అట్టడుగున ఉండేది. 1987లో పదవి దిగేనాటికి దానికి అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది.

ఇంత పనిలోనూ ఆమె జనం కోసం రాయడం మానలేదు. కొర్రాడో లాంబెర్తితో కలిసి ఖగోళ పత్రిక పెట్టి, 1979 నవంబరులో తొలి సంచిక తెచ్చారు. పదుల కొద్దీ పుస్తకాలు రాశారు, టీవీల్లో మాట్లాడారు. తన ఫ్లోరెన్స్ యాసను ఎక్కడా దాచుకోలేదు. తెలియనిదాన్ని తెలియదనేవారు. జ్యోతిషానికి ఆధారం లేదని సూటిగా చెప్పేవారు, అతీంద్రియ శక్తుల ప్రచారాలను పరీక్షించే సంఘానికి అండగా నిలిచారు. వామపక్షం తరఫున ఎన్నికల్లో నిలబడి గెలిచి కూడా, ఖగోళశాస్త్రానికే సమయమివ్వాలని సీటు వదులుకున్నారు. స్త్రీల హక్కులు, స్వలింగ ప్రేమికుల హక్కులు, జంతువుల బాధ, అన్నిటిమీదా ఒకే గొంతుతో మాట్లాడారు. శాస్త్రవేత్తకు ఇవన్నీ ఎందుకని అడిగేవారున్నారు. కలబ్రేసీని బడి నుంచి తీసేసిన రోజు ఎందరో మౌనంగా ఉండిపోయిన సంగతి తలుచుకుంటే ఆ ప్రశ్న నిలబడదు.

గుండెజబ్బు ముదిరినా ఆపరేషన్ వద్దన్నారు. 2013 జూన్ 29న త్రియెస్తెలో, తొంభై ఒకటో ఏట కన్నుమూశారు. సొంత గ్రంథాలయాన్ని ఆ నగరానికే ఇచ్చేశారు. ఆమె శతజయంతి ఏడాది 2022లో మిలాన్‌లో కంచు విగ్రహం నిలిపారు. 8558 సంఖ్య గల గ్రహశకలానికి ఆమె పేరే ఉంది.

ఇటలీలో హాక్ చేసినట్టే, మహీధర నళినీమోహన్ లాంటివారు తెలుగులో సైన్సును ఇంటింటికీ చేర్చిన కాలం ఉంది. వారానికోసారి రాశిఫలాలకు దొరికే చోటులో సగమైనా ఇవాళ మన పత్రికలు అసలు రాశుల్లోని తారలకు ఇవ్వాలి. అప్పటిదాకా మీరే ఒక పని చేయవచ్చు. డిసెంబరు రాత్రి తొమ్మిదింటికి ఈశాన్యాన కాంతులీనే బ్రహ్మహృదయం అనే తార పక్కన సన్నని త్రిభుజంలా మూడు చిన్న చుక్కలుంటాయి. వాటిలో బ్రహ్మహృదయానికి దగ్గరగా ఉన్నదే ఎప్సిలాన్. దాని తర్వాతి గ్రహణం 2036లో మొదలవుతుంది. చూడ్డానికి దుర్భిణి అక్కర్లేదు. ఇప్పుడే ఆ చుక్క వెలుగును గుర్తుపెట్టుకోండి, పిల్లలకు చూపించండి.