బండ్రి అవ్వ పెట్టెలో కదిలే ముల్లు

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం. చివర్లో ఒక జాగ్రత్త చెప్పినాం. మిగతాది తీరిక లేకపోతే వదిలేయండి గానీ, అది మాత్రం తప్పకుండా చదవండి.

సంఘం తరఫున పాత వస్తువుల ప్రదర్శన పెట్టాలని ఇల్లిల్లూ తిరుగుతూ, సండూరు తాలూకా బండ్రిలో ఒక సభ్యుని ఇంటికి పోయినాం. ఆ ఇంటి అవ్వ కొయ్యపెట్టెలోంచి పాతగుడ్డలో చుట్టిన వస్తువొకటి తీసి మా చేతిలో పెట్టింది. అరచేతికి నిండుగా ఉంది. నల్లటి డబ్బా, ముందర గాజు, లోపల మూడు ముళ్ళు.

"గడియారమా అవ్వా?" అని అడిగినాం.

"గడియారం కాదప్పా. జపానోళ్ళ ఇమానంలోది. దాన్ని తోలినోడి పానం ఇంకా అందులోనే ఉంది. వాన వచ్చే ముందర ముల్లు కదుల్తాది, నేను కండ్లారా చూసినా" అనింది.

ఆమె భర్త యుద్ధం అయినాక బెంగళూరులో విమానాల కార్ఖానాలో పనిచేసినాడట. అక్కడినుంచే తెచ్చినాడని ఇంట్లో అందరూ చెప్తారు. జపాన్ మాట ఎట్లా కలిసిందో మాత్రం ఎవరికీ గుర్తులేదు. అవ్వ మాటను తీసిపారేయడం మాకు ఇష్టం లేదు. అట్లని పరీక్షించకుండా ప్రదర్శనలో "జపాన్ విమానం ముక్క" అని చీటీ అంటించడానికీ మనసొప్పలేదు. అందుకని దాన్నే అడుగుదామనుకున్నాం.

ముందుగా ముఖం చూసినాం. మీద ఉన్న మాటలు ఇంగ్లీషు, కొలత అడుగులు. జపాన్ విమానాల్లో ఎత్తును మీటర్లలో కొలిచేవారు, రాత వాళ్ళ లిపిలో ఉండేది. జపాన్ సంగతి అక్కడికే తేలిపోయింది. ఇది ఎత్తును చూపే యంత్రం, ఆల్టీమీటర్. పొడుగు ముల్లు ఒక చుట్టు తిరిగితే వెయ్యి అడుగులు, రెండోది తిరిగితే పదివేలు, చిన్నది పదివేల లెక్కన చూపిస్తుంది.

తరువాత కింద ఉన్న చిన్న కిటికీ చూసినాం. గాలి ఒత్తిడిని సరిచేసుకునే అంకెలు అందులో ఉంటాయి. అమెరికా విమానాల్లో ఈ అంకెలు పాదరసం అంగుళాల్లో, 29.92 చుట్టుపక్కల ఉంటాయి. బ్రిటిష్ వాటిలో మిల్లీబార్లలో, 1013 చుట్టుపక్కల ఉంటాయి. అవ్వ పెట్టెలోనిది మిల్లీబార్లది. అంటే బ్రిటిష్ తయారీ.

ఆఖరుకు ముద్రలు. ఒక కిరీటం, దాని రెండు పక్కలా "ఎ", "ఎమ్" అక్షరాలు. అది బ్రిటన్ వాయు మంత్రిత్వ శాఖ సొత్తని చెప్పే గుర్తు. దాని పక్కనే "6ఎ/" తో మొదలయ్యే అంకెలున్నాయి. అది స్టోర్సు నంబరు. ఆ శాఖ గోదాముల్లో విమాన పరికరాలకు 6ఎ అనే విభాగం ఉండేది. "మార్క్ 14" అన్నది నమూనా పేరు. వరుస నంబరు చివర గీత పెట్టి "43" అని ఉంది. అది 1943, ఈ యంత్రం తయారైన సంవత్సరం. తరువాతి కాలపు వస్తువైతే వేరే గుర్తులుంటాయి. 1953 నుంచి కిరీటం ఆకారం మారింది. 1950ల తరువాత నాటో దేశాల స్టాకు నంబర్లు వచ్చినాయి. ఎత్తును చూపే పరికరాలకు అవి 6610 తో మొదలవుతాయి. ఇక్కడ ఆ రెండూ లేవు. కాబట్టి 43 ను నమ్మవచ్చు.

ఇక్కడొక మాట. ఇట్లాంటివి పెద్ద ధరకు కొంటామని, ఇది ఫలానా యుద్ధవిమానందేనని చెప్పే వ్యాపారులు ఉంటారు. ఈ మార్క్ 14 ను స్పిట్‌ఫైర్, హరికేన్, లాంకాస్టర్, మస్కిటో వంటి ఎన్నో విమానాల్లో బిగించినారు. ఒకదాంట్లోంచి తీసి బాగుచేసి, ఇంకోదాంట్లో పెట్టేవారు కూడా. ముద్ర పుట్టిన సంవత్సరం చెబుతుంది, యజమానిని చెబుతుంది. ఏ విమానంలో ఎగిరిందో చెప్పదు. ఆ విమానం తాలూకు కాగితం చేతిలో ఉంటే తప్ప ఎవరు చెప్పినా అది ఊహే.

మరి జపాన్ మాట ఎక్కడిది? 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసినాయి. ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చినాయవి. ఆ రోజుల్లో మద్రాసు నుంచి జనం పెద్ద ఎత్తున లోపలి ఊళ్ళకు తరలిపోయినారు. మన బళ్ళారి అప్పుడు మద్రాసు రాజధానిలోని జిల్లానే. 1953 అక్టోబరు 1న గదా మైసూరులో కలిసింది! ఆ భయం, ఆ మాటలు ఇక్కడికీ చేరి ఉంటాయి. ఇంట్లో ఒక విమానం ముక్క ఉంటే, దానికి జపాన్ పేరు అతుక్కోవడం పెద్ద వింత కాదు. ఇది మా ఊహ మాత్రమే, ఊహగానే చెప్తున్నాం.

తాత పనిచేసిన కార్ఖానా సంగతి మాత్రం ఊహ కాదు. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వంతో కలిసి బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ స్థాపించినారు. 1943లో దాన్ని అమెరికా సైన్యానికి అప్పగించినారు, అక్కడ యుద్ధవిమానాలు బాగుచేసేవారు. స్వాతంత్ర్యం వచ్చినాక కాన్పూరులో పాడుబెట్టి వదిలేసిన లిబరేటర్ బాంబర్లను మనవాళ్ళు ఒక్కొక్కటిగా బెంగళూరుకు తెచ్చి మళ్ళీ ఎగిరేటట్టు చేసినారు. 1948లో అవి మన వాయుసేనలో చేరినాయి, 1968 దాకా పనిచేసినాయి. శత్రువు విమానం ముక్క ఏరుకొచ్చినాడనడం కంటే, చెత్త అనుకున్న విమానాలకు ప్రాణం పోసిన కార్ఖానాలో చెమటోడ్చినాడనడమే ఆ తాతకు ఎక్కువ గౌరవమని మాకనిపించింది.

ఇంక వానకు కదిలే ముల్లు. అవ్వ చూసింది నూటికి నూరుపాళ్ళు నిజం. లోపల గాలి తీసేసిన పల్చటి రేకు డిబ్బీలు ఉంటాయి. బయట గాలి ఒత్తిడి తగ్గితే అవి ఉబ్బుతాయి, ముల్లు పైకి పోతుంది. విమానం ఎక్కినా ఒత్తిడి తగ్గుతుంది, వానగాలి పట్టినా తగ్గుతుంది. ముల్లుకు ఆ తేడా తెలియదు. ఒక మిల్లీబారు తగ్గితే దాదాపు 30 అడుగులు పైకెక్కినట్టు చూపిస్తుంది. మన ప్రాంతంలో వాన లేకున్నా ఒత్తిడి రోజూ ఉదయం పదింటికి పెరిగి, సాయంత్రం నాలుగింటికి మూడు నాలుగు మిల్లీబార్లు తగ్గుతుంది. అంటే పెట్టెలో ఉన్నచోటే ఆ యంత్రం రోజూ సుమారు వంద అడుగులు ఎక్కి దిగుతోంది! ఎనభై ఏండ్లు దాటినా డిబ్బీలు చెడలేదన్నమాట. ఇది చెప్పగానే అవ్వ నవ్వి, "అయితే పానం ఉన్నట్టే గదప్పా" అనింది. కాదనలేకపోయినాం.

ఇప్పుడు జాగ్రత్త. ఆ ఇంటి పిల్లవాడు గాజు విప్పి, వెలిసిన అంకెలకు కొత్త రంగు వేస్తానన్నాడు. మేము చెయ్యి పట్టుకుని ఆపినాం. చీకట్లో కనపడాలని ఆ కాలంలో అంకెలకు, ముళ్ళకు రేడియం కలిపిన రంగు వేసేవారు. ఇప్పుడు మెరవడం లేదు గదా అనుకోవద్దు. మెరిసే పొడి చచ్చిపోయింది, రేడియం చావలేదు. అది సగానికి తగ్గడానికి 1600 ఏండ్లు పడుతుంది. గాజు విప్పితే ఆ రంగు పొడిపొడిగా రాలి ముక్కులోకి, నోట్లోకి పోతుంది. 1920ల్లో అమెరికాలో గడియారాలకు ఈ రంగు వేసిన ఆడపిల్లలు కుంచెను పెదవులతో మొన తేల్చి, దవడలు కుళ్ళి చనిపోయినారు.

కాబట్టి మీ ఇండ్లలో ఇట్లాంటివి ఉంటే విప్పవద్దు, గీకవద్దు, పాలిష్ పెట్టవద్దు. పడకగదిలో, పూజగదిలో ఉంచవద్దు. మూత ఉన్న డబ్బాలో, గాలి ఆడేచోట, పిల్లలకు అందకుండా పెట్టండి. ముట్టుకుంటే చేతులు కడుక్కోండి. గాజు పగిలి ఉంటే అసలు ముట్టవద్దు. పాత ఇనుమోళ్ళకు వేయవద్దు, అణుశక్తి నియంత్రణ మండలిని అడిగి వాళ్ళు చెప్పినట్టు చేయండి.

ప్రదర్శనలో అసలు వస్తువు బదులు దాని ఫోటో పెడుతున్నాం. అందుకు అవ్వ ఒప్పుకుంది. కింద చీటీలో రెండు వరుసలు ఉంటాయి. ఒకటి, ముద్రలు చెప్పిన మాట: బ్రిటిష్ ఆల్టీమీటర్, మార్క్ 14, 1943. రెండోది, ఇంటివాళ్ళు చెప్పిన మాట: బెంగళూరు కార్ఖానా నుంచి తాత తెచ్చినది. రెంటినీ కలపలేదు, దేన్నీ కొట్టెయ్యలేదు.

మీ ఇంట్లోనూ ఇట్లాంటి వస్తువు ఉంటే ముద్రలకు ఫోటో తీసి పంపండి. దాంతోపాటు ఇంట్లో పెద్దలు చెప్పే కథను కూడా వాళ్ళ మాటల్లోనే రాసి పంపండి. ముద్ర ఎప్పుడైనా చదవొచ్చు. ఆ కథ చెప్పేవాళ్ళు మాత్రం ఎప్పటికీ ఉండరు.