ఆకాశంలో కొత్త చుక్క - ఎవరిది?

సంత్రీ డ్యూటీ చేసిన ప్రతి ఫౌజీకి తెలుసు: చీకట్లో అలికిడి అయితే ముందు "థమ్! కౌన్ ఆతా హై?" అని అడగాలి. తెలుసుకోకుండా మిత్రుడనీ శత్రువనీ తేల్చకూడదు. దూర్బీనులో కనబడే ఉపగ్రహానికీ ఇదే నియమం. కాకపోతే అది జవాబు చెప్పదు, మనమే లెక్క కట్టి తేల్చాలి.

1957 అక్టోబరు 4న సోవియట్ రష్యా స్పుత్నిక్-1ని పంపింది. 58 సెం.మీ. గోళం, 83.6 కిలోల బరువు. జనం ఎగబడి చూశారు గానీ చాలామంది చూసింది దాన్ని కాదు, కక్ష్యలో దానితోపాటే తిరిగిన రాకెట్ భాగాన్ని! ఉపగ్రహాల జాబితాలో నేటికీ 1వ నంబరు ఆ రాకెట్‌దే, స్పుత్నిక్‌ది 2.

అమెరికాలో ఫ్రెడ్ విపుల్ 1956లోనే 'మూన్‌వాచ్' దళాలను తయారుచేశాడు. చిన్న టెలిస్కోపులు వరసగా పెట్టి, పోస్టులో జవానుకు ఆర్క్ ఇచ్చినట్టు, ఒక్కొక్కరికి ఆకాశంలో ఒక ముక్క అప్పగించారు. ఇదే పనికి పెద్ద బేకర్-నన్ కెమెరాలు 12 దేశదేశాల్లో పెట్టారు. వాటిలో ఒకటి 1958లో మన నైనీతాల్‌లో మొదలైంది. అప్పటి అక్కడి డైరెక్టరు వైనూ బప్పు, హైదరాబాదు నిజాం కాలేజీలో చదివినవాడు.

గుర్తుపట్టడానికి మూడు విషయాలు కావాలి: సెకన్లతో సహా టైము, మనం నిలబడ్డ చోటు, చుక్క ఏ నక్షత్రాల పక్కనుంచి పోయిందీ. అవి తెలిసిన కక్ష్యతో సరిపోతే పేరు దొరికినట్టే. సరిపోకపోతే అది శిథిలమో, దారి మార్చిందో, రహస్యంగా ఉంచిందో అయ్యుండాలి. 2010 ఏప్రిల్ 22న అమెరికా ఎక్స్-37బిని పంపి కక్ష్య చెప్పలేదు. మే నెలలోనే ఔత్సాహికులు దాన్ని పట్టేశారు.

ఇది కాలక్షేపం మాత్రమే కాదు. 2019 మార్చి 27న 'మిషన్ శక్తి'లో మనవాళ్లు సుమారు 300 కి.మీ. ఎత్తున మన ఉపగ్రహాన్నే కొట్టారు. ముందు గుర్తు, తర్వాతే గురి. శ్రీహరికోట రాడారు ఒకేసారి 10 వస్తువులను వెంబడించగలదు.

మన జంషెడ్‌పూర్‌లో కొలిమి వెలుగు ఎక్కువ. అయినా పొద్దుగూకిన గంటకి దళ్మా కొండ వైపు చూడండి. మినుకుమనకుండా నిదానంగా సాగే చుక్క కనబడితే పిల్లల చేత టైము రాయించండి. అక్కణ్ణించే విచారణ మొదలవుతుంది.

జై హింద్.