విండోస్ స్టెడీస్టేట్
పాఠశాలలు, గ్రంథాలయాలు, ఇంటర్నెట్ సెంటర్లలో పలువురు మార్చిమార్చి వాడే కంప్యూటర్ల నిర్వహణకు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్ విండోస్ స్టెడీస్టేట్. 2005లో షేర్డ్ కంప్యూటర్ టూల్‌కిట్ పేరుతో విండోస్ ఎక్స్‌పీకి వచ్చింది. 2007 నాటి 2.0 కూర్పుతో పేరు స్టెడీస్టేట్‌గా మారింది. అసలైన మార్పు మాత్రం డిస్క్ రక్షణలో జరిగింది. టూల్‌కిట్‌కు హార్డ్‌డిస్క్‌లో ఏ పార్టిషన్‌కూ చెందని ఖాళీ స్థలం విడిగా ఉండాలి. 2.0 ఆ అవసరం తొలగించి, వాడేవారు చేసే మార్పులను ఒక కాష్ ఫైల్‌లోకి మళ్లించింది. రీస్టార్ట్ చేయగానే అవి చెరిగిపోయి కంప్యూటర్ పూర్వస్థితికి వచ్చేలా అమర్చుకునే వీలుండేది. 2008లో వచ్చిన 2.5 కూర్పు విండోస్ విస్టాపైనా పనిచేసింది. విండోస్ 7కు తగిన కూర్పు వెలువడలేదు; 2011 జూన్ 30న మద్దతు ముగిసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లో 5,000 పాఠశాలలకు ఎంచుకున్న ఎన్‌కంప్యూటింగ్ పద్ధతి స్టెడీస్టేట్‌కు భిన్నం: అందులో ఒకే కంప్యూటర్‌పై పలువురు విద్యార్థులు వేర్వేరు తెరలతో ఒకేసారి పనిచేస్తారు.