మంత్రసాని నుంచి ఎం.పి.హెచ్. దాకా: నెల్లూరు తీరంలో ఆరోగ్య విద్యకు పట్టా ఎవరిది?

ప్రజారోగ్యం ఇప్పుడు యూనివర్సిటీ సబ్జెక్టు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలోని అచ్యుతమీనన్ కేంద్రం 1997లో ఎం.పి.హెచ్. కోర్సు మొదలుపెట్టింది. 2008లో హైదరాబాదులో భారత ప్రజారోగ్య సంస్థ వచ్చింది. సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఈ డిగ్రీ ఉంది. డాక్టరీ చదవకపోయినా, ఏదో ఒక డిగ్రీ ఉన్నవాళ్లు చాలాచోట్ల ఇందులో చేరొచ్చు. నెల్లూరు తీరంలోని వాడల నుంచి, పాళేల నుంచి డిగ్రీ పూర్తి చేసి వస్తున్న పిల్లలు మమ్మల్ని అడుగుతున్నారు: ‘ఈ చదువు చదివితే ఏమొస్తుంది? మాకు పనికొస్తుందా?’

ఆ ప్రశ్నకి కోర్సుల జాబితా ఇచ్చి ఊరుకోవచ్చు. కానీ అది సగం జవాబే. ఈ పని ఇన్నాళ్లూ ఎవరు చేశారు, చేసినవాళ్లకి ఏం దక్కింది అని అడిగితేగానీ మిగతా సగం తెలీదు. అందుకే ముందు చరిత్రలోకి వెళ్దాం.

మంత్రసాని

ఆసుపత్రులు రాకముందు కాన్పు చేసింది మంత్రసాని. తెలుగు పల్లెల్లో ఆ పని ఎక్కువగా మాదిగ, మాల, మంగలి, చాకలి స్త్రీల చేతుల మీదుగా జరిగింది. మామూలు రోజుల్లో గడప తొక్కనివ్వని ఇంట్లోకి పురిటి నొప్పులప్పుడు ఆమెని పిలిచారు. బిడ్డని తీసింది, బొడ్డు కోసింది, మాయ పూడ్చింది, మైల గుడ్డలు ఉతికింది. కూలిగా గింజలు కొలిచి పంపించి, ఆ తర్వాత ఇల్లు శుద్ధి చేసుకున్నారు. అంటే ఆమె చెయ్యి కావాలి, మనిషి మాత్రం అక్కర్లేదు.

అయినా ఆమె కాన్పు చేసి ఊరుకోలేదు. బాలింతకి ఏం పెట్టాలో, పాలు పడకపోతే ఏం చెయ్యాలో, బిడ్డ వంటి రంగు మారితే దేనికి భయపడాలో చెప్పింది. ఆమె చెప్పినవన్నీ సరైనవని మేం అనడం లేదు. బొడ్డు కోసిన కత్తితో ధనుర్వాతం వచ్చి పోయిన బిడ్డల్ని మరిచిపోలేం. కానీ ఆ ఊళ్లో ఆరోగ్యం గురించి ఆడవాళ్లకి చెప్పింది ఆమే కదా. ఇవాళ ‘సామాజిక ఆరోగ్య విద్య’ అని పుస్తకాల్లో రాస్తున్న దానికి మన దగ్గర మొదటి రూపం అదే.

వలస ప్రభుత్వం ఆమెని ఎలా చూసింది? 1903లో లేడీ కర్జన్ చొరవతో దాయీల శిక్షణ కోసం విక్టోరియా స్మారక నిధి పెట్టారు. ఆనాటి రాతల్లో దాయీ అంటే మురికి, మూఢత్వం. పిల్లలు ఎందుకు చచ్చిపోతున్నారంటే దాయీ వల్ల అన్నారు. తల్లి తిండి, కూలి రేటు, తాగే నీళ్లు ఆ లెక్కలో వెనక్కి పోయాయి. మద్రాసు రాష్ట్రంలో 1926లో నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చింది. 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది. అప్పటి నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే. రిజిస్టరు వచ్చింది. రిజిస్టరులో పేరు ఎక్కాలంటే చదువు రావాలి. బడి గడప దాటనివ్వని కులాల ఆడదానికి ఆ చదువు ఎక్కడినుంచి వస్తుంది?

కరువూ, మిషనూ

దీనికి ఒక సందు దొరికింది మిషన్ల వల్ల. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టింది. చాలా ఏళ్లు చేరినవాళ్లు కొద్దిమందే. 1876-78 కరువు అంతా మార్చింది. తీరం వెంట బకింగ్‌హాం కాలవ తవ్వకం కరువు పనిగా సాగింది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ అందులో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని వేలమందికి పని పెట్టాడు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అత్యధికులు మాదిగలు. ‘గంజి కోసం కలిశారు’ అని అగ్రకులాల వాళ్లు ఎగతాళి చేశారు. ఆకలితో చస్తున్నవాడికి గంజి పోసిన చోటు గౌరవం కూడా ఇస్తానంటే, అటు పోవడంలో తప్పేముంది?

ఆ తర్వాత బడులు, నెల్లూరులో ఆడవాళ్ల ఆసుపత్రి వచ్చాయి. రక్తం, మలమూత్రాలు ముట్టుకోవాలి కాబట్టి కులం ఉన్న ఇళ్ల పిల్లలు నర్సు పనికి రావడానికి వెనకాడిన రోజులవి. మాల, మాదిగ క్రైస్తవుల బిడ్డలు వచ్చారు. తల్లి మంత్రసాని అయితే కూతురు తెల్లచీర కట్టుకున్న నర్సమ్మ అయింది. పని అదే ఒళ్లు, అదే పురుడు. కానీ ఈసారి చేతిలో సర్టిఫికెట్టు, నెల తిరిగితే జీతం. అంటరానివాళ్లకి దక్కిన మొదటి ఆరోగ్య ఉద్యోగం ఇదే కావడం యాదృచ్ఛికం కాదు. మైల అని ఎవరూ తీసుకోని పని మనకి దక్కింది. ఆ పనికి జీతం, గౌరవం పెరిగాక పోటీ కూడా పెరిగింది.

అక్షరం నేర్పిన ఆరోగ్యం

ఈ చరిత్రలో యూనివర్సిటీలు రాసుకోని ఒక అధ్యాయం ఉంది. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బడికొచ్చిన వాళ్లలో ఎక్కువమంది కూలి పని చేసే దళిత, బి.సి. స్త్రీలు. వాచకంలో ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పాఠం ఉంది. మెట్ట ప్రాంతంలోని దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు అందరికీ తెలిసింది. ఆ మంట జిల్లా అంతా పాకింది. 1992లో సారా వేలం పాటల్నే అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు.

దీన్ని మనం సారా వ్యతిరేక ఉద్యమం అంటాం, స్త్రీల ఉద్యమం అంటాం. ఆరోగ్య విద్య అని ఎందుకనం? మొగుడి కాలేయం, పెళ్లాం ఒంటిమీది దెబ్బలు, బిడ్డల ఆకలి, ఖర్చయిన కూలి డబ్బులు – ఇవన్నీ ఒకే లెక్క అని ఆ ఆడవాళ్లు పలకమీద తేల్చారు. ఏ ప్రొఫెసరూ వాళ్లకి చెప్పలేదు. పోస్టరు అంటించి ‘తాగొద్దు’ అని చెప్పడం ఒక పద్ధతి. సీసా ఊళ్లోకి ఎట్టా వస్తోంది, వేలం ఎవరు పాడుతున్నారు, ఆదాయం ఎవరికి పోతోంది అని అడగడం ఇంకో పద్ధతి. నెల్లూరు ఆడవాళ్లు చేసింది రెండోది.

తీరంలో ఇదే పాఠం నీళ్ల విషయంలోనూ కనిపిస్తుంది. రొయ్యల గుంటలు వచ్చాక బావులు ఉప్పెక్కాయి. నెల్లూరు జిల్లా కుర్రు గ్రామంలో గుంటల వల్ల 600 మంది మత్స్యకారులకి తాగునీళ్లు లేకుండా పోయిన సంగతి 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు రొయ్యల సాగుపై ఇచ్చిన తీర్పులోనే ఉంది. ఆడవాళ్లు రెండు మూడు కిలోమీటర్లు నడిచి నీళ్లు మోసుకొచ్చే ఊరికి వెళ్లి ‘చేతులు సబ్బుతో కడుక్కోండి’ అని ఛార్టు చూపిస్తే ఏం లాభం? ఆరోగ్యం చెప్పేవాడు గుంటల గురించి మాట్లాడకుండా తప్పించుకోలేడు.

నిచ్చెన ఎట్టా ఉంది?

ఇప్పుడు మన పిల్లల ప్రశ్నకొద్దాం. అట్టడుగు మెట్టు ఆశ. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చింది. వెయ్యి జనాభాకి ఒకరు. ఆమె అదే ఊరి మనిషి. ఇల్లిల్లూ తిరిగేది, గర్భిణిని ఆసుపత్రికి తీసుకెళ్లేది ఆమే. కానీ కాగితం మీద ఆమె ఉద్యోగి కాదు, ‘కార్యకర్త’. ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 2019లో మన రాష్ట్రంలో దాన్ని పది వేలు చేశారు.

పై మెట్టు ఎ.ఎన్.ఎం. ఇంటర్ వొకేషనల్‌లో మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు ఉంది. పేదింటి ఆడపిల్లలు ఎక్కువగా ఈ దారినే వస్తారు. 2019లో గ్రామ సచివాలయాల్లో చాలామందికి ఉద్యోగాలొచ్చాయి. అంతకుముందు ఏళ్ల తరబడి కాంట్రాక్టులో మగ్గినవాళ్లూ ఉన్నారు.

ఆపై బి.ఎస్సీ. నర్సింగు. 2018 తర్వాత వచ్చిన హెల్త్ అండ్ వెల్‌నెస్ కేంద్రాల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు పోస్టుకి ఇది దారి. దాని పైన ఎం.పి.హెచ్., ఎం.ఎస్.డబ్ల్యు. చదివినవాళ్లు జిల్లా ఆరోగ్య మిషన్ కార్యాలయాల్లో, టి.బి., ఎయిడ్స్ కార్యక్రమాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, పరిశోధనల్లో పని చేస్తారు. అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఎం.పి.హెచ్. పట్టా ఉన్నంత మాత్రాన ప్రభుత్వ ఉద్యోగం రాదు. రాష్ట్రాలు ప్రత్యేక ప్రజారోగ్య కేడర్ పెట్టాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. కేడర్ లేని చోట ఎక్కువ ఉద్యోగాలు ప్రాజెక్టువే, ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది. అప్పు చేసి ప్రైవేటు కాలేజీలో చేరేముందు ఇది గుర్తుంచుకోవాలి.

2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆరోగ్య విద్యావేత్తల్ని, సామాజిక ఆరోగ్య ప్రచారకుల్ని కూడా వృత్తుల జాబితాలో చేర్చింది. ఇది మంచిదే. కానీ అది గంటల లెక్క పెట్టింది: అనుబంధ వృత్తికి కనీసం 2,000 గంటల చదువు, పూర్తిస్థాయి వృత్తికి 3,600 గంటల డిగ్రీ. ఇరవై ఏళ్లు వాడల్లో తిరిగిన ఆశ గంటలు ఇందులో ఎక్కడ? 1926లో మంత్రసానికి ఎదురైన రిజిస్టరే మళ్లీ ఈమెకి ఎదురవుతోంది.

మెట్లు లేని నిచ్చెన

నిచ్చెన ఉంది గానీ ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి ఎక్కే వీలు లేదు. కింద నిలబడ్డవాళ్లు కిందే ఉంటారు, పైవాళ్లు పైనుంచే దిగుతారు. ఊళ్లో కులం నిలబడ్డ తీరు కూడా ఇదే కదా.

మనం అడగాల్సింది మూడు. ఆశగా, ఎ.ఎన్.ఎం.గా చేసిన పనికి డిగ్రీలో క్రెడిట్లు ఇవ్వాలి, వాళ్లకి సీట్లు కేటాయించాలి. ప్రజారోగ్య కేడర్ పెట్టి రిజర్వేషన్‌తో భర్తీ చెయ్యాలి, ఎందుకంటే ప్రాజెక్టు ఉద్యోగాల్లో రోస్టరు అడిగే నాథుడు లేడు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణకి దారి తెరిచింది, 2025లో ఆంధ్రప్రదేశ్ దాన్ని అమలుకి తెచ్చింది. అందులో వెనకబడినవాళ్ల వాటా ఈ సీట్లలోనూ కనబడాలి. యానాదుల వాటా కూడా మరిచిపోకూడదు. శ్రీహరికోట అడవిలో మందు మొక్కలు తెలిసినవాళ్లు రాకెట్ కేంద్రం వచ్చాక చెల్లాచెదురయ్యారు. వాళ్ల తెలివి ఏ సిలబస్‌లోనూ లేదు.

కాబట్టి మన పిల్లలు ఈ చదువుకి వెళ్లాలి. పరీక్షలో ‘దాయీ అజ్ఞానం వల్ల శిశు మరణాలు’ అన్న వాక్యం ఎదురైతే, అది రాసిందెవరు, ఎప్పుడు రాశారు అని అడగాలి. వాళ్ల అవ్వ ఆ దాయీయే కావచ్చు.