ఉపాధ్యాయ విద్యలో సామాజిక మాధ్యమాలు

బి.ఎడ్., డి.ఎడ్. ఛాత్రోపాధ్యాయులు వాట్సాప్, యూట్యూబ్ వంటివాటిని పాఠం నేర్వడానికీ చెప్పడానికీ వాడుకునే పద్ధతి ఇది. 2014 నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) నిబంధనలతో బి.ఎడ్. రెండేళ్లదై, బడుల్లో బోధనాభ్యాసం పెరిగింది. అయితే తిరుపతి జిల్లాలోని వాకాడు వంటి తీర మండలంలో పర్యవేక్షకుడు రోజూ ప్రతి బడికీ వెళ్లడం కుదిరే పని కాదు. ఛాత్రోపాధ్యాయులు ముందురోజే పాఠ్యపథకం వాట్సాప్ గ్రూపులో పెడితే, దిద్దుబాట్లు తెల్లవారేలోపు అందుతాయి. 1963లో స్టాన్‌ఫర్డ్‌లో రూపుదిద్దుకున్న సూక్ష్మబోధనకైతే ఫోన్ వీడియో అచ్చంగా అతికినట్టుంది: అయిదారు నిమిషాల పాఠాన్ని చిత్రీకరించి, తోటివారితో కలిసి చూసి, లోపాలు సవరించుకుని మళ్లీ చెప్పవచ్చు. చిక్కల్లా ఎత్తిరాతలతోనే: ఒకరి పథకం గ్రూపంతటి పథకమైపోతుంది. పిల్లల ముఖాలు కనిపించే వీడియోలు పంచుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి అవసరం.